మహిళాదినమునకు ప్రభుత్వ గుర్తింపు: అర్థము, బాధ్యత
(గోల్ ఘర్‌లో జరిగిన తెలుగు ఉద్యోగుల సభలో గావింపబడిన ఉపన్యాసము)



ప్రభుత్వ కార్యాలయములో పనిచేయువారికి కాలండరు ఒక విధమైన శాసనము. ఎఱ్ఱ అంకె వేసిన తేదీనాడు కార్యాలయము మూసియుండును. నల్ల అంకె వేసిన తేదీనాడు తెరచియుండును. ఈ రెంటికిని నడుమ మూడవ జాతి తేదీలు కొన్ని గలవు. ఆనాడు కార్యాలయము తెరచియే యుండును. కాని పైనుండి ఒక సర్క్యులరు వచ్చును. గోడకు ఒక గుడ్డ కట్టబడును. ఇరువురు ముగ్గురు పెద్దలు మాటలాడుదురు. తేనీటితో కార్యక్రమము ముగియును. మరునాడు ఆ సర్క్యులరు ఫైలులో చేరి, ఆ ఫైలు బీరువాలో చేరును. అంతర్జాతీయ మహిళాదినమైన మార్చి 8వ తేదీ పెక్కు కార్యాలయములలో ఇట్టి దినముగనే గడచిపోవుచున్నది.

ఒక దినమును ప్రభుత్వము గుర్తించుట యనగా నేమి? గుర్తించిన పిమ్మట ఆ ప్రభుత్వముపైనను, దాని ఉద్యోగులపైనను ఏ బాధ్యత పడుచున్నది? నేటి ప్రసంగమునకు ఈ రెండు ప్రశ్నలే విషయము. ప్రభుత్వోద్యోగుల సభకు ఇంతకంటె తగిన విషయము అరుదు. ఏలయనగా ఉత్తర్వు వ్రాయువారును, దానిని అమలుపరచువారును, అమలుపరచక తొక్కిపెట్టువారును ఈ వర్గములోనివారే.

మొదట ఈ దినము పుట్టుపూర్వోత్తరములను కొంచెము తెలిసికొనవలెను. మహిళాదినమును ఏ ప్రభుత్వమును కనిపెట్టలేదు. 1910లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్ నగరమున సమావేశమైన సోషలిస్టు స్త్రీలు, జర్మనీ దేశీయురాలగు క్లారా జెట్కిన్ మొదలగువారి ప్రతిపాదనపై, ఏటేట ఒక మహిళాదినము జరుపవలెనని తీర్మానించిరి. వారి ముఖ్యమైన కోరిక ఓటుహక్కు. మరుసటి యేట, అనగా 1911 మార్చి 19న, జర్మనీ, ఆస్ట్రియా, డెన్మార్కు, స్విట్జర్లాండు దేశములలో మొదటి ఉత్సవము జరిగినది. 1917లో రష్యా రాజధాని పెట్రోగ్రాడులో నేతపని చేయు స్త్రీలు రొట్టె కావలెనని, యుద్ధము మానవలెనని వీధులకెక్కిరి. వారి పాత పంచాంగము ప్రకారము అది ఫిబ్రవరి 23. కొత్త లెక్క ప్రకారము మార్చి 8. వారము దాటకమునుపే జారు చక్రవర్తి సింహాసనమును వదలుకొనెను. ఆ తేదీయే క్రమముగా లోకమంతట నిలిచిపోయినది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కథ వేరు. అచ్చట స్త్రీలకు ఓటు నిచ్చిన 19వ రాజ్యాంగ సవరణము అమలులోనికి వచ్చినది 1920 ఆగస్టు 26న. కాంగ్రెసు సభ్యురాలగు బెల్లా అబ్జుగ్ పూనికపై 1973లో ఆ తేదీ స్త్రీ సమానత్వ దినముగా గుర్తింపబడినది. రష్యా దినము ఒక వీధి పోరాటమునకు జ్ఞాపకము. అమెరికా దినము ఒక శాసనమునకు జ్ఞాపకము. రెండింటికిని వెనుక ఓటు, కూలి, తిండి అను గట్టి వస్తువులు గలవు.

ఐక్యరాజ్యసమితి 1975ను అంతర్జాతీయ మహిళా సంవత్సరముగా పాటించినది. 1977 డిసెంబరులో సర్వసభ్యసభ ఒక తీర్మానమును ఆమోదించి, స్త్రీల హక్కులకును ప్రపంచశాంతికిని ఒక దినమును ప్రకటింపుడని సభ్యదేశములను కోరినది. ఆ తీర్మానములో ఒక విశేషము గలదు. ఏ తేదీయో అది నిర్ణయింపలేదు. ఆయా దేశముల చరిత్రలను, ఆచారములను అనుసరించి ఏ దినమునైనను ఎంచుకొనవచ్చునని విడిచిపెట్టినది. అనగా ప్రతి దేశమును తన చరిత్రను తాను వెదకికొని, స్త్రీలకు న్యాయము జరిగిన దినమేదో తేల్చుకొనవలసియున్నదన్నమాట.

భారతదేశము అట్లు వెదకినప్పుడు దొరకిన తేదీ ఫిబ్రవరి 13. అది శ్రీమతి సరోజినీ నాయుడు జన్మదినము. జాతీయ మహిళాదినముగా జరుపబడుచున్నది. ఆమె 1879లో హైదరాబాదు నగరమున జన్మించెను. తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయులు వంగదేశీయులు. భర్త గోవిందరాజులు నాయుడుగారు తెలుగువారు. 1898లో చెన్నపట్టణమున జరిగిన ఆ వర్ణాంతర వివాహమునకు పౌరోహిత్యము వహించినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఈ విధముగా జాతీయ మహిళాదినమునకు తెలుగుదేశముతో పుట్టినింటి సంబంధమును, మెట్టినింటి సంబంధమును గలవు.

ఆమె కవయిత్రి యని అందఱికిని తెలియును. 1925లో కాన్పూరు కాంగ్రెసునకు అధ్యక్షురాలనియు, స్వాతంత్ర్యానంతరము సంయుక్త రాష్ట్రమునకు గవర్నరనియు తెలియును. ఉద్యోగులు జ్ఞాపకముంచుకొనదగిన మఱియొక సంగతి గలదు. 1917 డిసెంబరులో భారత వ్యవహారముల మంత్రి మాంటేగు చెన్నపట్టణమునకు వచ్చినప్పుడు, రాబోవు సంస్కరణలలో స్త్రీలకును ఓటుహక్కు ఉండవలెనని కోరుచు ఒక మహిళా ప్రతినిధివర్గము ఆయనను కలిసికొన్నది. దానికి నాయకురాలు ఆమెయే. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటు నిచ్చుటకు తీర్మానించి, బ్రిటిష్ ఇండియా రాష్ట్రములలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రమైనది. ఆస్తి, పన్ను అర్హతలు గలవారికే ఆ ఓటు దక్కినది గనుక పొందినవారు స్వల్పసంఖ్యాకులే. ఐనను తలుపు తెరవబడినది. సర్కారు జిల్లాలును రాయలసీమయు ఆనాడు ఆ రాష్ట్రములోనివే గనుక ఆ తలుపుగుండ నడచిన మొదటివారిలో తెలుగు స్త్రీలును గలరు.

తరువాత దినములు పెరిగినవి. జనవరి 24 జాతీయ బాలికాదినము. 2008 నుండి జరుగుచున్నది. అక్టోబరు 15 మహిళా రైతుదినము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2010లో మార్చి 8న మహిళా ఉద్యోగులకు ప్రత్యేకమైన క్యాజువల్ లీవు మంజూరు చేసినది. సావిత్రీబాయి ఫూలే జన్మదినమగు జనవరి 3ను మహిళా ఉపాధ్యాయుల దినముగా జరుపవలెనని తెలంగాణ ప్రభుత్వము 2025లో ఉత్తర్వు చేసినది. ఇవన్నియు సంతోషింపదగినవే. ఐనను దినముల సంఖ్య పెరిగినంత మాత్రమున న్యాయము పెరిగినదని లెక్కకట్టరాదు.

సెక్రటేరియటులో పనిచేసినవారికి ఉత్తర్వు నిర్మాణము తెలియును. ప్రతి ఉత్తర్వునకు రెండు భాగములుండును. మొదటిది పీఠిక. అందు ఉద్దేశములు, ఆదర్శములు, పూర్వ సందర్భములు చెప్పబడును. రెండవది ఆదేశము. ఎవరు, ఏమి, ఎప్పటిలోగా చేయవలెనో, ఖర్చు ఏ పద్దు నుండి తీయవలెనో అందు చెప్పబడును. పీఠిక యెంత మధురముగా నున్నను ఆదేశభాగము లేని కాగితము ఉత్తర్వు కానేరదు. మహిళాదినమును ప్రకటించుట పీఠిక వంటిది. దాని వెనుక ఆదేశము వచ్చినదా, రాలేదా యనునదే అసలు విచారింపవలసిన విషయము.

ఆదేశభాగమునకు ఎంత బలము గలదో తెలుపు ఉదాహరణము స్వతంత్ర భారతదేశపు మొదటి సార్వత్రిక ఎన్నికలలోనే గలదు. రాజ్యాంగము స్త్రీపురుషు లందఱికిని సమానముగా ఓటు నిచ్చినది. కాని 1951-52 ఎన్నికలకు జాబితాలు వ్రాయుటకు పోయిన గుమాస్తాలకు ఉత్తరదేశపు కొన్ని రాష్ట్రములలో అనేకమంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి అని మాత్రమే వ్రాయించిరి. ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్‌గారు అట్టి నమోదులు చెల్లవని ఆదేశించిరి. సొంత పేరు చెప్పవలెను. లేనిచో జాబితానుండి తొలగింపవలెను. దేశమందలి సుమారు 8 కోట్ల మహిళా ఓటర్లలో ఇంచుమించు 28 లక్షలమంది పేర్లు ఆ విధముగా తొలగింపబడినవి. ఆనాటికి అది కఠినమైన చర్యయే. 28 లక్షలమంది ఆ ఎన్నికలలో ఓటు కోల్పోయిరి. కాని తరువాతి జాబితాలలో పెక్కుమంది తమ పేర్లతోనే చేరిరి. ఏ ఊరేగింపును లేకుండ, ఏ పూలదండయు లేకుండ, ఒక రిజిస్టరులోని ఒక గడి స్త్రీకి ఆమె పేరును తిరిగి యిప్పించినది.

ఈ దీవుల సంగతి ఇంకను ఆలస్యమైనది. అండమాన్ నికోబార్ దీవుల ప్రతినిధిని మొదటి మూడు లోక్‌సభలకు రాష్ట్రపతియే నియమించుచుండెను. ఇచ్చటి ప్రజలు, స్త్రీలైనను పురుషులైనను, లోక్‌సభ సభ్యునికి మొదటిసారి ఓటు వేసినది 1967లో. విశాఖపట్టణములో అమ్మమ్మ 1952లో ఓటు వేసియుండగా, ఇచ్చటికి వలస వచ్చిన ఆమె కుమార్తె పదునైదేండ్లు ఆగవలసివచ్చినది. హక్కు కాగితముపై నుండుట వేరు, చేతికి అందుట వేరు అని ఈ దీవులవారికి వేరుగ బోధింపనక్కరలేదు.

ఈ దీవులలో స్త్రీచరిత్ర మొదలైన తీరును గుర్తుచేసికొనుట ఇచ్చట అప్రస్తుతము కాదు. 1858లో ఇచ్చట ఖైదీల వలస స్థాపింపబడినది. కొలది సంవత్సరములలోనే స్త్రీఖైదీలును తేబడిరి. వారికొఱకు సౌత్ పాయింట్‌లో ప్రత్యేకమైన జైలు ఉండెను. నిర్ణీత కాలము గడచినపిమ్మట, సొంతముగా సేద్యము చేసికొనుటకు అనుమతి పొందిన పురుషఖైదీని వివాహమాడుటకు వారికి అధికారులు అనుజ్ఞ నిచ్చుచుండిరి. ఆ స్త్రీకి జైలు వెలుపల బ్రదుకు దొరకవలెననిన, ఒక పురుషుడును, ఒక అధికారి సంతకమును అవసరమయ్యెను. 1901లో ఈ దీవులలో వేయిమంది పురుషులకు 318 మంది స్త్రీలు మాత్రమే యుండిరి.

ఖైదీల కాలము గతించినది. కాని వివాహమునకు అధికారి అనుజ్ఞ యను భావము వెంటనే గతింపలేదు. స్వతంత్ర భారతదేశమునందలి ఉన్నతోద్యోగముల నిబంధనలలోనే అది చోటుచేసికొన్నది. ఐ.ఏ.ఎస్. నియామక నిబంధనలు 1954లో వ్రాయబడినప్పుడు, వివాహము చేసికొన్న మహిళా అధికారిని రాజీనామా చేయుమని కోరుటకు ప్రభుత్వమునకు వీలు కల్పింపబడినది. 1951 తరగతికి చెంది, ఐ.ఏ.ఎస్.లో చేరిన మొదటి మహిళ యగు అన్నా రాజం గారి నియామకపు కాగితములోనే పెండ్లియాడినచో ఉద్యోగము పోవునను షరతు ఉండెను. విదేశాంగశాఖలో 1961 నాటి నిబంధన ప్రకారము మహిళా అధికారి వివాహమునకు ముందు ప్రభుత్వముయొక్క వ్రాతపూర్వకమైన అనుమతి పొందవలసియుండెను. పొందిన పిమ్మటనైనను, కుటుంబ బాధ్యతలు ఉద్యోగమునకు అడ్డువచ్చునని ప్రభుత్వము తలచినచో ఆమె రాజీనామా చేయవలసియుండెను. ఆ శాఖలో చేరిన మొదటి మహిళ శ్రీమతి సి. బి. ముత్తమ్మ. పదోన్నతి నిరాకరింపబడినప్పుడు ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లినది. వ్యాజ్యము నడచుచుండగనే ఆమెకు పదోన్నతి లభించినది. ఆ నిబంధనలను తొలగించుటకును ప్రభుత్వము పూనుకొన్నది. 1979లో తీర్పు వ్రాసిన జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ గారు ఆ వివక్షను గట్టిగా గర్హించి, తక్కిన సర్వీసు నిబంధనలను గూడ పరిశీలించి ఇట్టి మచ్చలను తొలగింపుడని ప్రభుత్వమునకు సూచించిరి.

ఇచ్చట రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. ఐక్యరాజ్యసమితి మహిళాదిన తీర్మానము 1977 నాటిది. ముత్తమ్మగారి తీర్పు 1979 నాటిది. లోకమంతట మహిళా సంవత్సరము జరిగిన పిమ్మటగూడ, వివాహిత యగు స్త్రీపట్ల వివక్ష చూపు నిబంధన పుస్తకములోనే నిలిచియుండెను. దానిని తొలగింపజేసినది ఉత్సవము కాదు; ఒక ఉద్యోగిని పట్టుదల.

ఐనచో ఉత్సవములవలన ప్రయోజనమే లేదా? అట్లనుటయు పొరపాటే. మహిళా సంవత్సరమునకు సిద్ధపడవలసియున్నది గనుకనే స్త్రీల స్థితిగతులను విచారించుటకు 1971లో నియమింపబడిన సంఘము తన నివేదికను 1974 చివర ముగించినది. ఫూల్‌రేణు గుహా గారు దానికి అధ్యక్షురాలు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట స్త్రీల స్థితి కొన్ని విషయములలో దిగజారినదని ఆ నివేదిక నిర్మొగమాటముగ తెలిపినది. 1975లోనే సమానమైన పనికి స్త్రీపురుషులకు సమానమైన వేతన మీయవలెనని ఆర్డినెన్సు జారీయై, 1976లో అది చట్టమైనది. ఆ సూత్రము తరువాత 2019 వేతనముల కోడ్‌లో చేర్చబడినది. కనుక ఒక దినముగాని, ఒక సంవత్సరముగాని గడువుగా పనిచేసినప్పుడు మేలు జరుగును. తీర్పరులకు తేదీ వచ్చుచున్నదను భయముండవలెను. ఆ భయము పోయి అలంకారము మాత్రము మిగిలినప్పుడు దినము వట్టిపోవును.

ఆంధ్రదేశ చరిత్రలో స్త్రీలకు నిజముగా ఏదో ఒకటి చేతికందిన దినములను ఏరినచో, అవి కాలండరులో కనబడవు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగంగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఊరంతయు ఎదురు తిరుగగా పోలీసు కాపలాలో జరిగిన పెండ్లి యది. 1909లో అదే రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయమ్మ గారు 1937లో ఆంధ్ర మహిళాసభను స్థాపించి, రాజ్యాంగసభలో కూర్చుండి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు మొదటి అధ్యక్షురాలైరి. 1985 సెప్టెంబరు 5 మఱియొక తేదీ. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారునితోపాటు కుమార్తెకును పుట్టుకతోనే హక్కు గలదని ఆంధ్రప్రదేశ్‌లో చేసిన శాసనము ఆ తేదీనుండి వర్తించినది. దేశమంతటికిని అట్టి హక్కు వచ్చుటకు 2005 సెప్టెంబరు వరకు పట్టినది. ఆ శాసనములోగూడ ఒక వాక్యము గలదు: ఆ తేదీకి ముందే పెండ్లియైన కుమార్తెకు అది వర్తింపదు. ఒక్క వాక్యమువలన అక్కకు లేని హక్కు చెల్లెలికి వచ్చినది. ఆదేశభాగములోని ఒక్క వాక్యమునకు ఎంత శక్తి గలదో గ్రహింపవచ్చును.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగముల నియామకములలో స్త్రీలకు 30 శాతము కేటాయించు నిబంధన 1984లో వచ్చినది. దానిని ప్రశ్నించిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1995లో ఆ నిబంధన రాజ్యాంగసమ్మతమని తీర్పు చెప్పినది. ఇక 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై, రాష్ట్రమంతట వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమము సంగతి వృద్ధులైన సభ్యులకు జ్ఞాపకముండును. వయోజనవిద్య పాఠములు చదువుకొన్న పల్లెటూరి స్త్రీలు సారా పాటలను నిలిపివేయించిరి. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధించినది. ఆ తేదీకి ఏ పేరును లేదు. ఆ స్త్రీలు దినము నడుగలేదు, ఉత్తర్వు నడిగిరి.

ఇక కేంద్ర ప్రభుత్వోద్యోగుల సొంత నిబంధనలను చూడుడు. ప్రసూతి సెలవు 1997లో 135 దినములకును, ఆరవ వేతన సంఘము సిఫారసుపై 2008లో 180 దినములకును పెరిగినది. 2008 సెప్టెంబరు నుండి శిశుసంరక్షణ సెలవు, ఉద్యోగకాలము మొత్తముమీద 730 దినములు, మహిళలకు లభించుచున్నది. భార్య లేక ఒంటరిగా బిడ్డను పెంచు పురుషునికిని 2018లో ఆ హక్కు వచ్చినది. తండ్రికి ప్రసవ సమయమున లభించునది 15 దినములు. ఈ సెలవులను గూర్చి కార్యాలయములలో రెండు మాటలు వినబడును. స్త్రీలు సెలవులో పోయినచో పని ఎవరు చేయుదురని కొందఱు. సమానత్వమడుగువారికి ప్రత్యేకమైన సెలవెందుకని మఱికొందఱు.

మొదటి ప్రశ్నకు ఆధారము లేకపోలేదు. నలుగురున్న సెక్షనులో ఒకరు ఆఱు నెలలు లేనిచో తక్కిన మువ్వురిపై భారము పడుట నిజమే. దానికి మందు ఆ స్థానములో మఱియొకరిని నియమించుట. ఆ ఏర్పాటు చేయని తప్పు తల్లి నెత్తిపై వేయుట న్యాయము కాదు. రెండవ ప్రశ్నకు సమాధానము ఆ అంకెలలోనే గలదు. తల్లికి 180, తండ్రికి 15. బిడ్డను పెంచుట తల్లి పనియని నిబంధనయే ముందుగా తీర్మానించినది. శిశుసంరక్షణ సెలవును సామాన్యముగా తల్లికే పరిమితము చేసి, అది స్త్రీలకు చేసిన మేలని చెప్పుటలో సగము నిజము మాత్రమే గలదు. ఆ సెలవు తీసికొన్న ఉద్యోగిని పదోన్నతి సమయమున వెనుకబడినచో ఆ మేలులోని తక్కిన సగము బయటపడును.

2013లో పనిచేయు చోట స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించు చట్టము వచ్చినది. 1997లో విశాఖ వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శక సూత్రములు దానికి మూలము. పదిమందికి తక్కువకాని ప్రతి కార్యాలయములోను ఒక అంతర్గత సంఘము ఉండవలెను. ఉన్నతోద్యోగిని దానికి అధ్యక్షత వహింపవలెను. సభ్యులలో సగమునకు తక్కువకాకుండ స్త్రీలుండవలెను. ఏటేట నివేదిక పంపవలెను. ఇవన్నియు ఆదేశభాగములు. మార్చి 8న గోడకు కట్టు గుడ్డతోపాటు ఈ సంఘము సభ్యుల పేర్లు గల పలకయు గోడపై నున్నదా? బదిలీపై పోయిన సభ్యురాలి స్థానము నిండినదా? ఈ ప్రశ్నలకు అవునని చెప్పగల కార్యాలయమునకే పూలగుత్తు లిచ్చు అర్హత గలదు.

ఈ దీవులలో పనిచేసిన స్త్రీల సామర్థ్యమునకు నిదర్శనములు దూరమున వెదకనక్కరలేదు. భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థకు చెందిన మధుమాలా చటోపాధ్యాయ గారు 1991 జనవరి 4న ఉత్తర సెంటినెల్ దీవి తీరమున నీటిలో దిగి, అచ్చటి ప్రజలకు చేతికి చేయిగా కొబ్బరికాయ లందించిన బృందములో నుండిరి. బాణములతో ఎదుర్కొను ప్రజలని పేరుపడినవారి వద్దకు స్త్రీని పంపుట ప్రమాదమని పెద్దలు తలచినచో ఆ దినము వచ్చియుండదు. లిటిల్ అండమాన్‌లోని డుగాంగ్ క్రీక్‌లో ఓంగీల నడుమ నర్సుగా పనిచేసిన శాంతి తెరీసా లక్రా గారు 2004 డిసెంబరు 26 నాటి సునామీలో తన నివాసము పోయినను ఆ ప్రజలను విడిచిపోలేదు. 2011లో ఆమెకు పద్మశ్రీ లభించినది. ఈ ఇరువురిలో ఎవరికిని స్త్రీ యను కారణమున తేలికైన పని ఇయ్యబడలేదు. అందువలననే వారి సామర్థ్యము లోకమునకు తెలిసినది. మహిళా ఉద్యోగులకు కుర్చీలో కూర్చుండు పనినే ఇచ్చి, దూరదీవుల పోస్టింగులను, టూరులను తప్పించుట దయగా కనబడవచ్చును. దాని ఫలితము మాత్రము అనుభవము లేదనుచు పై పదవిని నిరాకరించుట.

ఉద్యోగినులతోనే విషయము ముగియదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవుల జనములో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చి చేపలవేటయు, కట్టడపు పనులును చేసికొని బ్రదుకువారు వారిలో పెక్కుమంది. జంగ్లీఘాట్ రేవున చేపలబుట్ట నెత్తిన పెట్టుకొను తల్లికి మార్చి 8 కూడ చేపలమ్మవలసిన దినమే. రోడ్డుపనిలో కంకర మోయు ఆడుకూలికి సెలవు లేదు. ఆనాడు పనికి రాకున్నచో కూలియు లేదు. ఆ మస్టరు వ్రాయువారును, బిల్లు పాసుచేయువారును ప్రభుత్వోద్యోగులే. ఆడుకూలీకి మగకూలీతో సమానముగా కూలి పడినదా యని బిల్లుపై ఒకమారు చూచుట ఏ సర్క్యులరునకును ఆగవలసిన పని కాదు. 1901లో వేయికి 318గా నున్న స్త్రీల సంఖ్య 2011 నాటికి 876 ఐనది. నూటికి 82 మంది చదువను వ్రాయను నేర్చిరి. ఈ దీవులను ఊరుగా, ఇల్లుగా మార్చినవారు ఆ స్త్రీలే.

పరిపాలనలో భాగమును గూర్చి ఒక్క మాట. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణముననుసరించి ఈ దీవులకు 1994లో పంచాయతీల రెగ్యులేషను వచ్చినది. మూడవవంతు స్థానములు స్త్రీలకు లభించినవి. లోక్‌సభలోను, శాసనసభలలోను మూడవవంతు స్థానముల నిచ్చు 106వ సవరణము 2023లో చేయబడినది. కాని జనాభా లెక్కలును, నియోజకవర్గముల పునర్విభజనయు జరిగిన పిమ్మట అది వర్తించునని ఆ సవరణములోనే వ్రాయబడినది. పీఠికకును ఆదేశమునకును నడుమ ఎంత దూరముండునో తెలుపుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము అక్కరలేదు.

సభ్యులారా, ప్రభుత్వోద్యోగులకు లెక్కల ముగింపు దినము మార్చి 31. ఆనాడు ఖర్చెంత, మిగులెంత, లోపమెక్కడ అని తేల్చక విధిలేదు. మార్చి 8ని కూడ అట్టి లెక్కల దినముగా జరుపుకొనవచ్చును. ఉపన్యాసమునకు బదులు ఒక పుట నివేదిక చదువవచ్చును. ఈ యేడు ఎందఱు మహిళలు నియమితులైరి, ఎందఱికి పదోన్నతి వచ్చినది, దంపతులను ఒకే చోట నియమింపవలెనను కోరికలెన్ని వచ్చినవి, ఎన్ని పరిష్కరింపబడినవి, పిల్లలను ఉంచుటకు గది గలదా, స్త్రీలకు ప్రత్యేకమైన మరుగుదొడ్డి గలదా, కాంట్రాక్టు పనిమనిషికి నెలజీతము వేళకు ముట్టినదా? పది ప్రశ్నలు, పది సమాధానములు, క్రింద అధికారి సంతకము. మరుసటి మార్చిలో అదే కాగితమును తీసి పోల్చి చూచుకొనవచ్చును. దీనికి పైసా ఖర్చు లేదు. పై అనుమతియు అక్కరలేదు.

సాంస్కృతిక సంఘములకును ఇదే కొలత వర్తించును. ఉగాదినాడు ప్రార్థనగీతము, ముగ్గుల పోటీ, పిండివంటలు స్త్రీలకు. కార్యదర్శి పదవి, కోశాధికారి పదవి, సంచిక సంపాదకత్వము పురుషులకు అని ఎవరును నియమావళిలో వ్రాయరు. వ్రాయకున్నను అనేక సంఘములలో అట్లే జరుగును. ఎన్నికల పత్రములు పంచబడునప్పుడు ఈ సంగతి సభ్యులు ఆలోచింపవలెను. మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితాలలో సుకుమార్ సేన్‌గారు ఫలానావాని భార్య అను నమోదును అంగీకరింపలేదు. సభ్యత్వపు రిజిస్టరులో శ్రీమతి ఫలానా అని భర్త పేరు మాత్రమే వ్రాసి యుండినచో, దానిని సరిదిద్దుట రేపే చేయదగిన పని. అది చిన్న పనియే. కాని పేరు ఉన్నచోటనే పదవి యుండును, పదవి యున్నచోటనే మాట చెల్లును.